ఏ గడ్డి అని రూల్లో లేదు: బెంగళూరులో దేశీ మొక్కల తోట వేయించుకున్న అనుభవం

మా ఇంటి ముందు తోట చూసి ఈ ఆరు నెలల్లో చాలామంది అడిగారు. ఎవరు వేశారు, ఎంతయింది, అన్నిటికంటే ముఖ్యంగా మా లేఅవుట్ ఇళ్ళ అసోసియేషన్ వాళ్ళు ఎలా ఒప్పుకున్నారు అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకసారి అంతా రాసిపెడితే మేలనిపించింది. ముందే చెప్పేస్తున్నాను, ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ పోయిన ఒక్కటీ ఎందుకు పోయిందో కూడా రాస్తాను.

తోట వేసినవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు, వాళ్ళే వద్దన్నారు. ఉన్నది ఏడుగురు మనుషులు, ఒక టాటా ఏస్ బండి, కనకపుర రోడ్డులో ఊరు దాటాక కౌలుకు తీసుకున్న చిన్న నర్సరీ. వానలు మొదలైతే ఫోనెత్తే తీరిక కూడా వాళ్ళకుండదు. ఇళ్ళ ముందు దేశీ మొక్కలతో తోటలు వేయడం ఒక్కటే వాళ్ళ పని. పామ్ చెట్లు పెట్టరు, అడిగినా పెట్టరు. నిజంగా కావాలనుకున్నవాళ్ళు నన్నడిగితే నంబరిస్తాను.

మాది మదనపల్లె. బెంగళూరొచ్చి ఇరవై రెండేళ్ళయింది. వర్తూరు వైపు ఒక గేటెడ్ లేఅవుట్‌లో 40 బై 60 సైటు, 2012లో కట్టుకున్న ఇల్లు. ముందూ పక్కనా కలిపి 800 చదరపు అడుగుల ఖాళీ జాగా ఉంది. లేఅవుట్‌లో అందరూ వేస్తున్నారని మేమూ అందులో మెక్సికన్ గ్రాస్ వేయించాం. రోజూ అరగంట పైపు పట్టాలి, నెలకోసారి మిషన్ కొట్టించాలి, ఎరువు వేయాలి, పురుగుమందు చల్లాలి. పన్నెండేళ్ళు ఇదంతా చేశాం. ఆ గడ్డి మీద ఒక్క పిట్ట కూడా వాలగా నేను చూడలేదు.

2024 మార్చి బెంగళూరులో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోలేరు. బోర్లు ఎండిపోయాయి. ట్యాంకర్ కోసం అర్ధరాత్రి వరకు కాచుకున్నాం. తాగే నీళ్ళతో తోట తడిపినా కారు కడిగినా 5,000 రూపాయలు జరిమానా అని, మళ్ళీ దొరికితే రోజుకు 500 అదనమని జలమండలి ఆర్డరిచ్చింది. మేము పైపు కట్టేశాం. మూడు వారాల్లో లాన్ అంతా గడ్డివాములా తయారైంది. గడ్డి పోయిందని నాకు బాధ లేదు. వంటింట్లో బకెట్లు లెక్కపెట్టుకుంటూ, పన్నెండేళ్ళుగా దానికి పోసిన నీళ్ళు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

నేను లెక్కల టీచర్‌గా చేసినదాన్ని. ఆ రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. బెంగళూరులో ఏడాదికి సగటున 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మా సైటు 2,400 చదరపు అడుగులు, అంటే 223 చదరపు మీటర్లు. గుణిస్తే మా ఒక్క సైటు మీద ఏడాదిలో పడే వాన 2,16,000 లీటర్లు. ఆరు వేల లీటర్ల ట్యాంకర్లు 36. అంత నీళ్ళు కాలవలోకి వదిలేసి, ట్యాంకర్ డ్రైవర్‌ని బతిమాలుకుంటున్నాం. 30 బై 40, అంతకంటే పెద్ద సైట్లలో కట్టే కొత్త ఇళ్ళకు వాననీటి ఏర్పాటు తప్పనిసరి అని 2009 నుంచి రూలుంది. మాకూ డాబా నుంచి ఒక పైపు, కింద ఒక ఇంకుడు గుంత ఉన్నాయి. కనెక్షన్ కోసం కట్టించాం, తర్వాత మూత తీసి చూసింది లేదు. తీసి చూస్తే పైదాకా పూడిక.

ఆ జులైలో నా అంతట నేనే మొదలుపెట్టాను, తెలిసీ తెలియకుండా. రోడ్డు పక్క నర్సరీలో సీతాకోకచిలుకలు వచ్చే మొక్కలు కావాలని అడిగితే, రంగురంగుల పూల లాంటానా పదిహేను మొక్కలు ఇచ్చారు. దాని పూల మీద సీతాకోకచిలుకలు వాలేమాట నిజమే. అయితే లాంటానా అమెరికా ఖండాల నుంచి 1800ల మొదట్లో తోటల అందం కోసం మన దేశానికి తెచ్చిన మొక్క. బందీపూర్ అడవిలో కింద గడ్డి మొలవకుండా కమ్ముకున్నది అదే. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. దానికి తోడు ఏవేవో గింజలు కలిపి చల్లాను. వానకి అన్నీ ఏకమై నడుమెత్తు పెరిగాయి. అందులో ఏది మొక్కో ఏది కలుపో నాకే తెలియలేదు.

సెప్టెంబరులో అసోసియేషన్ నుంచి నోటీసొచ్చింది. మీ ఇంటి ముందు భాగం లేఅవుట్ నిబంధనలకు విరుద్ధంగా ఉంది, పాములూ దోమలూ చేరే ప్రమాదముంది, పదిహేను రోజుల్లో శుభ్రం చేయించకపోతే మేమే చేయించి ఆ ఖర్చు మీ మెయింటెనెన్స్‌లో కలుపుతాం అని రాశారు. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. "మళ్ళీ లాన్ వేసేద్దాం, ఇరుగుపొరుగుతో గొడవెందుకు" అన్నారు మా ఆయన. అసోసియేషన్ వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. నేను పెంచింది చూసేవాళ్ళకి పాడుబడ్డ జాగాలాగే కనిపించింది. అంతా పీకించేశాను. వట్టి మట్టి మిగిలింది.

జనవరిలో లాల్‌బాగ్ పూల ప్రదర్శనకి వెళ్ళినప్పుడు, మా పాత స్కూల్లో బయాలజీ చెప్పే మేడమ్ కనిపించి ఈ నర్సరీ వాళ్ళ నంబరిచ్చారు. ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున ఒక అమ్మాయి వచ్చింది. ముళబాగిలు అమ్మాయి, జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదివింది, తెలుగు అచ్చం మా మదనపల్లె తెలుగే. వచ్చీ రాగానే మట్టి తవ్వి చూస్తుందనుకున్నాను. చెప్పులు విప్పి లోపలికొచ్చి, కూర్చోకుండానే అడిగింది.

"అక్కా, మీ అసోసియేషన్ బైలా పుస్తకం ఉండాదా? ముందు అది ఇయ్యండి."

అసోసియేషన్ రూల్సన్నీ ఉండే ఆ పుస్తకం బీరువాలో ఇంటి కాగితాల అడుగున దొరికింది. తోటల గురించి ఉన్నది ఒకే ఒక్క పేరా. ఆ అమ్మాయి వేలు పెట్టి ఒక్కో లైనూ రెండుసార్లు చదివింది. ముందు కాంపౌండు నుంచి ఐదడుగుల వరకు గడ్డి ఉండాలి. ముందువైపు పొదలు మూడడుగులు దాటకూడదు. మొక్కలు ఫుట్‌పాత్ మీదికి రాకూడదు. అంతే. నేను ఇన్నేళ్ళూ ఆ పేరా చదవకుండానే దానికి భయపడ్డాను.

"గడ్డి అనుండాది గానీ ఏ గడ్డని లేదక్కా. మెక్సికన్ గ్రాసే వెయ్యాలని యాడా రాసిలేదు. మనం గరికేద్దాం."

తలుపు దగ్గర నిలబడి వింటున్న మా అత్తయ్య, "గరికైతే వినాయకుడికి రోజూ కోసుకోవచ్చమ్మాయ్" అన్నారు. మా ఇంట్లో లాన్ కథ అక్కడితో ముగిసింది.

తర్వాత బయటికొచ్చి తాడుతో కొలతలు తీసుకుంది. ఆ రోజు తను చెప్పిన ఒక మాట తోటలు వేసుకోవాలనుకునే అందరికీ చేరాలని నా కోరిక. "అంచు నీటుగా ఉంటే లోపల ఏముండినా తోటంటారక్కా. అంచు లేకపోతే కలుపంటారు." నా మొదటి ప్రయత్నం ఎక్కడ చెడిందో నాకు ఆ క్షణంలో అర్థమైంది. నేను మొక్కల గురించే ఆలోచించాను. దారిన పోయేవాళ్ళకి ఇక్కడొక మనిషి రోజూ చూసుకుంటోంది అని తెలిసే గుర్తు ఒక్కటీ పెట్టలేదు.

వాళ్ళు వేసిన ప్లాన్ ఇలా ఉంది. కాంపౌండు నుంచి ఐదడుగులు గరిక. దాని వెనక సాదరహళ్ళి రాయితో గీత గీసినట్టు తిన్నగా ఒక అంచు. రాయి వెనక నూరువరహాలు, డిసెంబరు పూలు, కనకాంబరాలు, అన్నీ మూడడుగుల లోపు ఆగేవి, ఆగకపోతే కత్తిరించడానికి ఒప్పుకునేవి. ఎత్తు పెరిగేవన్నీ ఇంటి పక్కకి, వెనక్కి: నందివర్ధనం, పారిజాతం, వావిలి, నిమ్మ, కరివేపాకు. పక్క గోడకి ఈశ్వరి తీగ. మూలన ఎండ బాగా పడేచోట నాలుగు మొక్కల జనుము. జనుమెందుకని అడిగాను, మా ఊళ్ళో అది పచ్చిరొట్ట ఎరువుకి చల్లేది. అక్టోబరులో చూడండక్కా అని ఊరుకుంది.

ఇక్కడ మా అత్తయ్య సంగతి చెప్పాలి. ఆవిడ బంతి, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు కావాలన్నారు, దేశీ మొక్కలంటే అవే కదా అని. బంతి మెక్సికో వైపు నుంచి వచ్చిందని, దేవగన్నేరుది మధ్య అమెరికా అని, బిళ్ళగన్నేరుది మడగాస్కర్ అని, శివాలయాల్లో దండం పెట్టుకునే నాగలింగం చెట్టు కూడా దక్షిణ అమెరికాదే అని తెలిసి ఆవిడ మొహం చిన్నబోయింది. గొబ్బెమ్మల మీద, గుమ్మాల మీద పెట్టే బంతి మనది కాకపోవడమేంటని ఆవిడ బాధ. ఆ అమ్మాయి పక్కన కూర్చుని, "అవ్వా, అవేం చెడ్డవి కాదు, లాంటానా మాదిరి అడివిని మింగేవి కాదు. మీ పూజకి కుండీల్లో పెట్టుకుందాం" అంది. ఇప్పుడు వెనక మెట్ల మీద ఆరు కుండీల్లో అవే ఉన్నాయి. కొత్తగా నేర్చుకున్నవాళ్ళలో ఒక పట్టుదల ఉంటుంది, నాలోనూ ఉండింది, పరాయిదైతే చాలు పీకెయ్యాలని. వీళ్ళలో అది లేదు. ఒక్క కోనోకార్పస్ విషయంలో మాత్రం గట్టిగా ఉన్నారు. పక్కింటివాళ్ళ కంచె చూసి మా ఆయన అది అడిగితే, గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో దాన్ని నాటకుండా నిషేధించిన సంగతి చెప్పి ససేమిరా అన్నారు.

ఇంటి పక్కన మాకు ముందున్న సైటు ఓనర్లు పెట్టిన తురాయి చెట్టొకటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎర్రగా పూస్తుంది. అదీ మడగాస్కర్‌దే. దేశీ తోటలో ఇదెందుకు, కొట్టించేద్దాం అన్నాను నేనే. అంతకుముందు మా లాన్ చూసిన మాలి, ఆదివారం తెల్లవారుజామున కొట్టేస్తే ఎవరూ చూడరు, రెండు వేలివ్వండి అని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. వీళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. కర్ణాటకలో 1976 నాటి చెట్ల సంరక్షణ చట్టం ప్రకారం, అందులో మినహాయించిన కొన్ని రకాలు తప్ప, మన సొంత ఆవరణలో చెట్టైనా సరే, ట్రీ ఆఫీసర్ అనుమతి లేకుండా కొట్టకూడదు. అనుమతొచ్చినా మేమిది కొట్టమక్కా, ఇరవై ఏళ్ళ నీడ పోగొట్టుకుని అరడుగు మొక్క నాటుకుంటే ఏమొస్తుంది అంది ఆ అమ్మాయి. చెట్టు ఉండిపోయింది. దాని పల్చని నీడలో కనకాంబరాలు మిగతాచోట్ల కంటే బాగా వచ్చాయి.

ఏప్రిల్‌లో అసోసియేషన్ మీటింగుకి ప్లాన్ తీసుకుని వెళ్ళాను. దానితోపాటు ఈ నర్సరీ వాళ్ళు ఒక పట్టిక తయారుచేసి ఇచ్చారు. ఒక్కో మొక్క పేరు, ఎంతెత్తు పెరుగుతుంది, ఎన్ని నెలలకోసారి కత్తిరిస్తారు, బైలాలో ఏ లైనుకి సరిపోతుంది అని. నా దృష్టిలో వీళ్ళకిచ్చే నాలుగు మార్కుల్లో రెండు ఆ ఒక్క కాగితానికే. మొక్కలు లాల్‌బాగ్ నర్సరీలోనూ దొరుకుతాయి, అటవీ శాఖ నర్సరీల్లో ఇంకా చవగ్గా దొరుకుతాయి. ఈ కాగితం ఎక్కడా దొరకదు.

మా తమ్ముడు మేరీల్యాండ్‌లో ఉంటాడు. నా గొడవ విని అక్కడి సంగతొకటి పంపాడు. అమెరికాలో లాన్ ఇంత ఎత్తు దాటకూడదని ఊరూరా రూల్సుంటాయి, ఇళ్ళ సంఘాల రూల్సు వేరే. వాళ్ళ రాష్ట్రంలో ఒక జంట ఇంటి ముందు స్థానిక పూలమొక్కలు పెంచుకుంటే, తీసేసి గడ్డి వేయమని వాళ్ళ సంఘం పట్టుబట్టింది. విషయం కోర్టుదాకా పోయింది. చివరికి 2021లో ఆ రాష్ట్రం ఒక చట్టమే చేసింది. నీళ్ళు తక్కువ తాగే తోటలు, వాననీటి తోటలు, తేనెటీగలకి పనికొచ్చే తోటలు వేసుకుంటే సంఘాలు అకారణంగా అడ్డుపడకూడదని. మిన్నెసోటాలో 2023లో ఊళ్ళకే అలాంటి నిబంధన వచ్చింది, బాగా చూసుకునే సహజమైన తోటని కలుపు కింద లెక్కకట్టకూడదని. ఆ చట్టాలు ఇక్కడ చెల్లవని నాకు తెలుసు, మీటింగులో అదే చెప్పాను. కానీ ఇలాంటి తోట అడగడం నా ఒక్కదాని పిచ్చి కాదని వాళ్ళకి తెలియడానికి ఉపయోగపడింది.

మా సెక్రటరీగారు గుంటూరు వైపు పెద్దాయన. అంతా విని ఒక్క మాటన్నారు. "అమ్మా, మీ తోట మీద నాకేం కోపం లేదు. రేపు ఇంకొకాయన కలుపు పెంచి ఇది దేశీ తోటంటే నేనేం చెప్పాలి?" న్యాయమైన ప్రశ్న. దానికి జవాబుగా అక్కడికక్కడే నాలుగు షరతులు రాసుకున్నాం. కనిపించే అంచు ఉండాలి, ఎత్తు బైలా ప్రకారం ఉండాలి, నెలకోసారైనా కత్తిరించి శుభ్రం చేయాలి, ఎక్కడా నీళ్ళు నిలవకూడదు. అవి ఒప్పుకున్న ఎవరైనా ఇలాంటి తోట వేసుకోవచ్చని మినిట్స్‌లో రాశారు. నోటీసిచ్చిన అసోసియేషనే ఆ మాట రాసిందంటే నాకు ఎంత ఊరటో చెప్పలేను.

పని మూడు రోజులు జరిగింది. లాన్ కింద నేల సిమెంటులా గట్టిపడి ఉంటే ఫోర్కుతో గుచ్చి గుచ్చి వదులు చేశారు, పైన ఆకు ఎరువు కలిపారు. ఇంకుడు గుంతలో పూడిక తీశారు. డాబా నుంచి వచ్చే పైపుని నేరుగా గుంతలోకి వదలకుండా, దారిలో ఎనిమిదడుగుల పొడవు, అడుగున్నర లోతు ఒక పల్లం చేసి అందులో వట్టివేరు, వస పెట్టారు. నీళ్ళు ముందు అందులో ఆగి, ఇంకగా మిగిలినవి గుంతలోకి పోతాయి.

ఆగస్టులో ఒక రాత్రి గంటన్నరసేపు కుండపోతగా కురిసింది. నాకు నిద్ర పట్టక గొడుగేసుకుని, టార్చి పట్టుకుని వెళ్ళి చూశాను. ఎర్రటి నీళ్ళు పైపులోంచి ధారగా దూకి, వట్టివేరు గడ్డి మధ్యలో చుట్టూ తిరిగి, నురగ వదిలి నెమ్మదిస్తున్నాయి. పల్లం నిండింది. అంచు దగ్గర రాయి మీదికి రెండు వేళ్ళ ఎడం ఉందనగా అటువైపు గుంతలోకి జారడం మొదలైంది. వీధిలో మోకాలి కింది దాకా నీళ్ళు పోతున్నాయి, మా గేటులోంచి మాత్రం ఒక్క ధార కూడా బయటికి పోవడం లేదు. పొద్దున ఆరింటికి వెళ్ళి చూస్తే పల్లంలో చుక్క లేదు. తడి మట్టి మీద పిట్ట అడుగులు మాత్రం ఉన్నాయి.

ఇక లోపాలు. జూన్ మొదటి వారంలో వస్తామన్నవాళ్ళు నెలాఖరుకి వచ్చారు. మంచి వానలు మూడు వృథాగా పోయాయి. ముందుగా ఫోన్ చేసి చెప్పలేదు, ప్రతిసారీ నేనే చేయాల్సొచ్చింది. తెచ్చిన మొక్కలు మరీ చిన్నవి. చిన్న మొక్కే బాగా వేరుపట్టుకుంటుందని వాళ్ళ వాదన, అది నిజమేనని ఇప్పుడు తెలుస్తోంది. కానీ మొదటి రెండు నెలలు ఇల్లు అప్పుడే కట్టినట్టు బోసిగా ఉంటుందని ముందే చెప్పి ఉండాలి. ప్రతి మొక్కకీ చెక్క ముక్క మీద పేరు రాశారు, అన్నీ శాస్త్రీయ నామాలే. మా అత్తయ్య చదవగలిగేది ఒక్కటీ లేదు. నేనే పెయింటుతో తెలుగులో మళ్ళీ రాశాను.

వీటన్నిటికంటే నాకు కోపం తెప్పించింది ఈశ్వరి తీగ విషయం. పాత రోజుల్లో దాన్ని మందుగా వాడేవాళ్ళు. కానీ అందులో మూత్రపిండాలని పాడుచేసే విషం ఉంది. దాని ఆకు ఎవరూ నోట్లో పెట్టుకోకూడదు. ఈ సంగతి తోట అప్పగించే రోజు గట్టిగా చెప్పాల్సింది. మా మనవరాలు దసరా సెలవులకొచ్చి ఆ తీగ దగ్గర ఆడుకుంటుంటే, నాకు బయాలజీ మేడమ్ చెబితే తెలిసింది. నేను ఫోన్లో గట్టిగానే మాట్లాడాను. మర్నాడే వచ్చి తీగని పిల్లలకి అందని ఎత్తులోకి మళ్ళించి, ఎర్ర అక్షరాల బోర్డు పెట్టారు, తప్పు ఒప్పుకున్నారు. అయినా ఒక మార్కు తీసేసింది దీనికే. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ తీగ వద్దని ముందే చెప్పండి.

దోమల గురించి అడిగేవాళ్ళకి. పిట్టల కోసం వాళ్ళొక మట్టి మూకుడు పెట్టారు. రోజూ సాయంత్రం దాన్ని బోర్లించి, తోమి, పొద్దున మళ్ళీ నింపాలని షరతు. దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి రోజూ మార్చే నీళ్ళలో దోమ పుట్టదు. 2024లో డెంగీని కర్ణాటకలో అంటువ్యాధిగా ప్రకటించాక, ఊళ్ళల్లో ఇంటి ఆవరణలో దోమలు పెరిగేలా నీళ్ళు నిలిస్తే 400 రూపాయలు జరిమానా పెట్టారు. మేము కుండీల కింద ప్లేట్లు కూడా తీసేశాం. రాలిన ఆకులు వెనక ఇనుప జాలీ గూట్లో వేస్తాం, కుళ్ళి ఎరువవుతుంది. చెత్త నిబంధనల ప్రకారం తోట చెత్త మన ఆవరణలోనే విడిగా ఉంచాలి, వీధిలో పారేయకూడదు, తగలబెట్టకూడదు. మా వీధిలో ఇంకా ఇద్దరు పొద్దున్నే ఆకులు తగలబెడతారు. ఆ పొగకి మా అత్తయ్యకి ఆయాసం వస్తుంది. వాళ్ళకీ ఈ గూడు ఒకటి చేయించి ఇవ్వాలని ఉంది.

సెప్టెంబరు చివర్లో నిమ్మచెట్టు లేత ఆకుల మీద పిట్ట రెట్టలా ఏదో కనిపించింది. తుడిచేద్దామని పుల్ల తెచ్చాను. కదిలింది. అది గొంగళిపురుగు. నలుపూ తెలుపూ కలిసి అచ్చం రెట్టలాగే ఉంటుంది, పిట్ట కంట పడకుండా దాని ఏర్పాటది. నాలుగు రోజులకి చర్మం విడిచి ఆకుపచ్చగా, చిటికెన వేలంత అయింది. నేను దగ్గరగా వంగి చూస్తే తల వెనక నుంచి ఎర్రటి చీలిన నాలుకలాంటిది బయటికి తీసింది, ఘాటైన వాసనొకటి వదిలింది. నిమ్మచెట్టు ఆకులు సగం తినేసింది. మా ఆయన పురుగుమందు గుర్తు చేశారు కానీ, నర్సరీ వాళ్ళు సంతకం పెట్టించుకున్న కాగితంలో మొదటి లైను అదే, మందు కొట్టకూడదని. ఒక పొద్దున గోడ పక్కన పుల్లకి ఖాళీ గూడు వేలాడుతూ కనిపించింది. దాని పైన పసుపూ నలుపూ మచ్చల సీతాకోకచిలుక రెక్కలు ఆరబెట్టుకుంటోంది. నిమ్మచెట్టు నవంబరుకి మళ్ళీ చిగురేసింది.

జనుము సంగతి అక్టోబరులో తెలిసింది. నాలుగు మొక్కలూ ఎండుముఖం పట్టాక, నల్ల రెక్కల మీద నీలి చారలున్న సీతాకోకచిలుకలు గుంపుగా వచ్చి వాటికి వేలాడాయి. పూలకి కాదు, ఎండిన ఆకులకీ కాయలకీ. అందులోని ఒక రసం మగవి పీల్చుకుంటాయట, ఆడవాటిని ఆకట్టుకునే వాసన తయారుచేసుకోవడానికి. లెక్కపెట్టాను, ఒక్క కొమ్మకి పదిహేడు. సెక్రటరీగారి భార్య వాకింగ్ మధ్యలో ఆగి, ఫోన్లో వీడియో తీసుకుని వెళ్ళారు.

ఖర్చు. మొదటిసారి వచ్చి చూసినందుకు 1,500, పని ఇస్తే బిల్లులో తగ్గిస్తారు. తోటకి 78,000. రాయి అంచుకి విడిగా 22,000. నెలకి రెండుసార్లు వచ్చి చూసుకోవడానికి 2,500. లాన్ మాలికి, ఎరువులకి, మందులకి మేము నెలకి నాలుగు వేలు పెట్టేవాళ్ళం, నీళ్ళు కాకుండా. మొదటి మూడు నెలలు మొక్కలు వేరుపట్టేదాకా వాన లేని రోజుల్లో నీళ్ళు పోశాం. నవంబరు నుంచి కూరగాయలు కడిగిన నీళ్ళే సరిపోతున్నాయి. గరిక నవంబరు ఎండకి కొంచెం పసుపెక్కింది, ఒక చినుకు పడితే తిరిగి పచ్చబడింది. అందరికీ ఈ రేటు కుదరదు, నాకు తెలుసు. డబ్బు ఇబ్బందిగా ఉంటే తోట వాళ్ళకివ్వకుండా, ఆ పట్టికా ప్లానూ మాత్రం వేయించుకోండి. 6,000కి ఇస్తారు. మొక్కలు వానాకాలంలో ప్రభుత్వ నర్సరీలో తెచ్చుకుని మీరే నాటుకోండి.

ఒక్క వానాకాలమే కాబట్టి మార్చి ఎండలకి ఏవి నిలుస్తాయో అప్పుడు మళ్ళీ రాస్తాను. పిలవాలనుకునేవాళ్ళు ఫిబ్రవరిలోపే పిలవండి, ఆలస్యమైతే జూన్ వానలు దాటిపోతాయి. ఫోన్ చేసేముందు మీ బైలా పుస్తకం వెతికి దగ్గర పెట్టుకోండి, ఆ అమ్మాయి మొదట అడిగేది అదే.